ఒడిబియ్యం తనిఖీ

కాపురాలు తరతరాలుగా నిలవడానికి ప్రేమ కారణమని కొందరంటారు, ఓపిక అని పెద్దవాళ్లంటారు. మా వరంగల్ వైపు అసలు కారణం ఒడిబియ్యమని నా గట్టి నమ్మకం.

పెళ్లయిన ఆడబిడ్డను మూడో ఏటో ఐదో ఏటో, బేసి ఏడు చూసి, తల్లిగారింటికి పిలుస్తారు. పీట మీద కూర్చోబెట్టి పసుపు బియ్యం, కుడుకలు, పోకలు, జాకెట్ ముక్క ఒడిలో పోస్తారు. పైకి వేడుక, లోపల తనిఖీ. మా అత్తమ్మ దోసిలితో బియ్యం పోస్తూ బిడ్డ మొహం చూస్తుంది, గాజులు చూస్తుంది, ఆఖరుకు నన్ను చూస్తుంది. "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగేది ఆమెను, చెమటలు పట్టేది నాకు. అల్లుడికి పెట్టిన చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుంటే మాత్రం కొంత గండం గడిచినట్టే.

ఒడిబియ్యం లేని ఏడు బతుకమ్మ ఉండనే ఉంది. ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్లు చేరితే, ఏ అల్లుడు ఎలాంటివాడో హన్మకొండ నుంచి కాజీపేట దాకా తెలిసిపోతుంది. దేవుడికీ ఈ తనిఖీ తప్పలేదు. ఐనవోలు మల్లన్నకైతే బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ ఇద్దరు భార్యలు. ఆయన జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఎందుకు సాగుతుందో నాకు పెళ్లయ్యాకే అర్థమైంది. రెండు వైపుల అత్తగారివాళ్లూ వచ్చి చూసుకుని పోవాలి కదా!

తల్లిగారి తలుపు తెరిచే ఉందని తెలిస్తే మొగుడి గొంతు దానంతటదే తగ్గుతుంది. ఆ తలుపు మూసుకుపోయిన ఆడవాళ్ల కాపురాలూ నిలిచాయి, నిజమే. వాటిని మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు మా బిడ్డకు మేం పోస్తున్నాం. అల్లుడు నా కళ్లలోకి చూడకుండా సెల్‌ఫోన్ చూసుకుంటాడు. పాపం, నా రోజుల్లో ఆ సౌకర్యం కూడా లేదు.

కాపురం నిలవకపోతే ఏమిటని చట్టం సంగతీ చూశాను. పరస్పర అంగీకారంతో విడాకులను 1976లో హిందూ వివాహ చట్టంలో చేర్చారు. ఏడాది విడిగా ఉండాలి, ఇద్దరూ కలిసి దరఖాస్తు పెట్టాలి, మామూలుగా ఆరు నెలలు ఆగాలి, అప్పటికీ ఇద్దరూ అదే మాట మీద ఉండాలి. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత వేయాలో మా ఇంట్లో ఇంతవరకూ తేలలేదు. మాకు ఆ సెక్షన్ వర్తించదు.