ఐదో థీమ్‌లో మా కాల్వ

మా వీధి చివర ఒక మురుగు కాల్వ ఉంది. మహా అయితే అరవై గజాలు. పూడిక తీసి నాలుగేళ్లయింది. పోయిన అక్టోబరు 2న గ్రామసభ పెట్టేదాకా అది ఉత్త మురుగు కాల్వే అనుకుంటూ బతికాం.

ఆ రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. వెనకాల తొమ్మిది రంగుల ఫ్లెక్సీ. ఐక్యరాజ్య సమితి 2030 గడువుగా 2015లో పెట్టుకున్న సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు 17, వాటి కింద ఉపలక్ష్యాలు 169. ఇన్ని మన బుర్రకెక్కవని ఢిల్లీ పంచాయతీరాజ్ శాఖ దయతలచి తొమ్మిది థీమ్‌లుగా కుదించింది. పేదరికం లేని ఊరు, ఆరోగ్యంగా ఉన్న ఊరు, నీళ్లకు కరువు లేని ఊరు... చదువుతుంటేనే కడుపు నిండిపోయింది. మేముంటున్న ఊరు మాత్రం ఆ తొమ్మిదిలో కనపడలేదు.

ఎదురింటి మామ్మ లేచి, "బాబూ, ముందా కాల్వ తీయించండి. వానొస్తే మురుగు నా మంచం కిందికొస్తోంది" అంది.

కార్యదర్శి మంచివాడే, పాపం. "తీయిద్దాం మామ్మా, ఏ థీమ్ కింద పెట్టమంటావు?" అన్నాడు. మురుగు గనక ఐదోది, స్వచ్ఛ హరిత గ్రామం అన్నారొకరు. దోమలు గనక రెండోది, ఆరోగ్యం అన్నారింకొకరు. ఆ నీళ్లు చెరువులోకే పోతాయి గనక నాలుగోదన్నాడు మరో మేధావి. అరగంట సాగింది తర్జనభర్జన. ఒక్కడు పార పట్టుకుని దిగుంటే ఆపాటికి సగం కాల్వ తేలేది. చివరికి పంచాయతీ కంప్యూటర్ ఆపరేటర్ కుర్రాడు తేల్చాడు: ప్రణాళిక ఎక్కించే పోర్టల్ ఏది తీసుకుంటే అదే.

ఊరి ప్రణాళిక ఊరే రాసుకోవాలన్నది అసలు మాట. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కోసం 29 అంశాలు రాసిపెట్టింది కూడా. డబ్బు మాత్రం ముడేసి వస్తుంది. 15వ ఆర్థిక సంఘం సొమ్ములో నూటికి 60 నీళ్లకూ పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. కాల్వంటే పారిశుద్ధ్యమే కదా అంటారు మీరు. కాదన్నదెవరు? ఆ సొమ్ము ఖాతాలో నిలవాలి గదా! కరెంటు బకాయిల కింద మా డబ్బు లాగేసుకున్నారని సర్పంచులు రోడ్డెక్కిన రాష్ట్రం మాది. పక్క రాష్ట్రం రెండాకులు ఎక్కువే చదివింది. 2024 ఫిబ్రవరిలో పదవీకాలం ముగిస్తే, 2025 డిసెంబరు ఎన్నికల దాకా తెలంగాణ పల్లెలకు సర్పంచే లేడు, ప్రత్యేకాధికారులే దిక్కు. అన్నట్టు, ఎనిమిదో థీమ్ పేరు సుపరిపాలన.

తొమ్మిదోది మహిళలకు అనువైన ఊరు. మా సర్పంచ్ మహిళే. ఫ్లెక్సీలో ఆమె, కుర్చీలో ఆమె భర్త.

సభ ముగిసేలోపే మినిట్స్ పుస్తకం చేతులు మారింది. తీర్మానాలన్నీ ముందే రాసున్నాయి, సంతకాలకు చోటు వదిలారు. కాల్వ కోసం వెతికితే ఐదో థీమ్ కింద దొరికింది. పూడికతీత కాదు, గట్టు మీద మొక్కల పెంపకం. మురుగు ఎలాగూ ఉంది గనక నీళ్లు పోసే ఖర్చు మిగులుతుందని కాబోలు.

"అయితే ఎప్పటికి తీస్తారు బాబూ?" అని మామ్మ మళ్లీ అడిగింది.

"లక్ష్యం 2030 మామ్మా."

మామ్మ ఇంటికెళ్లి మంచం కోళ్ల కింద మరో రెండేసి ఇటుకలు పెట్టించుకుంది. మర్నాడు ఆపరేటర్ కుర్రాడు వచ్చి ఆ ఇటుకలకు ఫొటో తీసుకుని వెళ్లాడు.