దొండకాయ వేపుడూ ధ్యానమూ

ఈ మధ్య వంట అనేది పని కాదట, ధ్యానమట. ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా, ఏ యూట్యూబ్ వీడియో తెరిచినా ఇదే బోధ. ఉల్లిపాయ తరిగేటప్పుడు మనసంతా ఉల్లిపాయ మీదే ఉండాలి. పోపు చిటపటలు చెవులారా వినాలి. వెనకాల ఇళయరాజా పాటొకటి పెట్టుకోవాలి. భోజనాల బల్ల మీద చిన్న కొవ్వొత్తి, కంచంలో ఏడు రంగులు. అప్పుడు రోజువారీ వంట విసుగు పుట్టదు సరికదా, ఉన్న ఒత్తిడి కూడా ఎగిరిపోతుందట.

ఇళయరాజా మీద నాకు కోపమేమీ లేదు. కాకపోతే ఒకపక్క మిక్సీలో కొబ్బరి పచ్చడి తిరుగుతూ, ఇంకోపక్క కుక్కరు మూడో కూత వేస్తుంటే ఆయన వయొలిన్లు ఎవరికి వినబడతాయో ఆ బోధకులు చెప్పరు. మే నెలలో విజయవాడలో, స్టవ్ మంట ఆరిపోతుందని ఫ్యాను కూడా వేసుకోలేని వంటింట్లో, మిట్టమధ్యాహ్నం చారు కాస్తూ ధ్యానం చెయ్యగల మనిషి ఎవరైనా ఉంటే ఆవిడకి చిట్కాలు చెప్పకూడదు, ఆశ్రమం కట్టించాలి.

నిజానికి గరిటె తిప్పడంలో విసుగు తక్కువే. అసలు విసుగంతా "రేపు ఏం కూర?" అన్న ప్రశ్నలో ఉంది. దానికి ఏ ఇంట్లోనైనా వచ్చే జవాబు ఒకటే: "ఏదో ఒకటి చెయ్యి." వినడానికి ఎంత ఉదారంగా ఉంటుందో! సొరకాయ నిన్ననే అయిందని, వంకాయ మామగారికి పడదని, బెండకాయ జిగురు తగిలితే పిల్లవాడు కంచం ముందు నుంచి లేచిపోతాడని, బీరకాయ అంటే ఆయనగారి మొహం ముడుచుకుంటుందని, పప్పు మొన్నా అటుమొన్నా పెట్టేసిందని ఆవిడే గుర్తుపెట్టుకోవాలి. ఇన్ని గండాలూ దాటి దొండకాయ వేపుడు దగ్గర ఒడ్డున పడితే, కంచం ముందు కూర్చున్నాక తీర్పు వస్తుంది: "మళ్ళీ దొండకాయేనా?" ఆ మాట పడ్డాక బల్ల మీద కొవ్వొత్తి వెలిగించినా ఒకటే, ఇల్లు తగలబెట్టినా ఒకటే.

ఇంటిల్లిపాదీ కలిసి భోంచేస్తే బంధాలు బలపడతాయన్నది ఇంకో చిట్కా. దోసెలు వేసే పూట చూడండి. దోసె పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి, చల్లారితే ఎవరూ ముట్టరు. కాబట్టి అందరూ కలిసి కూర్చుంటారు, ఒకరు మాత్రం నిలబడి పోస్తూనే ఉంటారు. "ఇంకొకటి, కాస్త ఎర్రగా" అని లోపలికి కేక వినబడుతుంది. అందరూ చేతులు కడుక్కుని లేచాక, గిన్నె అడుగున గట్టిపడ్డ పిండిలో కాసిని నీళ్ళు కలిపి ఆవిడ ఒక మందపాటి దోసె పోసుకుంటుంది. పచ్చడి గిన్నె గోడలకి అంటుకున్నదంతా చెంచాతో గీకి నంజుకుంటుంది. అదీ స్టవ్ గట్టు దగ్గర, నిలబడే. ఈ ఆఖరి దోసె ఏ బంధాన్ని బలపరుస్తుందో చిట్కాల వాళ్ళు కాస్త సెలవియ్యాలి.

వంట బాగుందంటే నలభీమపాకం అనడం మనకి అలవాటు. పోల్చడానికి దొరికిన ఇద్దరూ మగవాళ్ళే. ఇద్దరూ మారుపేరుతోనే పేరు తెచ్చుకున్నారు. భీముడు వలలుడై విరాటుడి వంటశాలలో చేరింది అజ్ఞాతవాసం గడపడానికి, అదీ ఒక్క ఏడాది. గడువు తీరగానే గరిటె దించి గద పట్టాడు. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో చేరింది రాజ్యం పోయి, రూపం కూడా మారిపోయాకే. మగవాడు వంటవాడిగా బయటపడాలంటే మొదట తనెవరో ఎవరికీ తెలియకూడదని కాబోలు పురాణ నియమం.

వాళ్ళ వారసులు మాత్రం దాక్కోరు. ఆదివారం బిర్యానీకి దిగి ముందురోజే వాట్సాప్ స్టేటస్ పెడతారు. "జీలకర్ర ఎక్కడుంది?", "షాజీరా అంటే ఇదేనా?", "ఇంతకంటే పెద్ద గిన్నె లేదా?" అని ఇంటావిడని గంటసేపు నిలబెట్టి, ఒంటిచేత్తో వండేశానంటారు. దమ్ముకని గిన్నె అంచుకి అంటించిన పిండి ముద్ద ఎండి రాయైపోతే, దాన్ని గోకి తోమే భాగం వీడియోలోకి రాదు. వాళ్ళు వంటని ఆనందించడం అబద్ధం కాదు సుమండీ. వారానికోసారి, తనకిష్టమైన వంటకం, అడిగినవన్నీ చేతికందించే మనిషి, తిన్నాక చప్పట్లు, గిన్నెలు తోమడం వేరొకరి వంతు. ఈ ఏర్పాటు కుదిరితే ఎవరికైనా వంట ధ్యానమే.

కుదరనివాళ్ళ లెక్క ప్రభుత్వం దగ్గరుంది. 2024లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళకి దాని కింద రోజుకి సగటున 289 నిమిషాలు పోతున్నాయి. ఒక్క వంటే కాదు, ఊడ్చడం, ఉతకడం అన్నీ కలిపి. ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళకి 88. 2019లో ఇవి 299, 97. అంటే అయిదేళ్ళలో ఆవిడకి రోజుకి పది నిమిషాలు మిగిలాయి. కొవ్వొత్తి వెలిగించాల్సింది ఆ పది నిమిషాల్లోనే అనుకుంటా. పాపం ఆయనకీ తొమ్మిది మిగిలాయి.

తెలుగు ఇళ్ళలో వంటని నిజంగా తేలిక చేసినవి వేరే ఉన్నాయి. కరెంటు కుక్కరు, పక్క దుకాణంలో దోసెల పిండి, అన్నిటినీ మించి వీధి చివర కర్రీ పాయింటు. ఇంట్లో అన్నం ఒక్కటి పడేస్తే చాలు. పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో పోసి మూతి బిగించి ఇస్తాడు. ఆనందం గురించి ఆ కొట్టువాడు ఒక్క ముక్క మాట్లాడడు. ఆవిడకి మాత్రం ఒక సాయంత్రం మిగులుతుంది. అయినా వాడంటే ఎంత చిన్నచూపు! "బయట కూరలేమిటి, చేతులు పడిపోయాయా?" అనే నోటికి సాధారణంగా గరిటె పట్టే చెయ్యి ఉండదు. ఉప్పూ నూనే ఎక్కువ వేస్తారంటారా, ఒప్పుకుంటాను. ఇంట్లో ఆవకాయన్నంలో వేసే నూనె ఎంతో కూడా ఓసారి కొలిచి మాట్లాడుకుందాం.

రాత్రి ఎనిమిదింటికి ఏ కర్రీ పాయింటు దగ్గరికైనా వెళ్ళి చూడండి. స్టీలు గిన్నెలు వరసగా మూతలు తీసి ఉంటాయి. గుత్తివంకాయ, ఆలూ వేపుడు, గోంగూర పప్పు, టొమాటో పెరుగుపచ్చడి, పొగలు కక్కే సాంబారు అన్నీ కళ్ళెదుటే. వాటి ముందు ఒకాయన ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉంటాడు.

"ఏమోయ్, ఏం కూర తెమ్మంటావు?"

అవతల నుంచి ఎంతో ఉదారంగా జవాబొస్తుంది. "ఏదో ఒకటి తెండి."