హజ్ పెట్టె ఆత్మకథ

'నేను' అనడం మనుషుల జబ్బు. బళ్లారి కౌల్ బజార్‌లో జీన్స్ కుట్టే ఒక దుకాణం మూలన పడి ఉన్న ఈ ట్రంకుపెట్టెకు ఆ జబ్బు లేదు. తన కథ చెప్పుకున్నా 'ఈ పెట్టె' అనే చెప్పుకుంటుంది.

రేకు ఎక్కడిది, రివెట్లు ఎవరు కొట్టారన్నది అలా ఉంచండి. చూడవలసింది మూత మీది రంగు. గోకితే మూడు పొరలు కనిపిస్తాయి. అడుగున 'బళ్లారి, మదరాసు రాష్ట్రం'. దాని మీద 'మైసూరు రాష్ట్రం'. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి, బళ్లారి ఇటు వచ్చింది. అన్నిటికంటే పైన 1973 నాటి 'కర్ణాటక'. పెట్టె ఉన్న ఇల్లు మాత్రం ఒకటే. వీధిలో ఎవరు హజ్‌కు బయల్దేరినా ఆ ఇంటికొచ్చి అరువడిగేవారు, చిరునామా కొత్తగా రాయించుకునేవారు.

మూత లోపల మైదా జిగురుతో అంటించిన కాగితం ఒకటి ఉంది. ప్రయాణపు దుఆ. ప్రవక్త ప్రయాణానికి ఒంటె ఎక్కినప్పుడు ఇలా వేడుకునేవారని ఇబ్న్ ఉమర్ చెప్పగా 'సహీహ్ ముస్లిం'లో నమోదైన ప్రార్థన అది. దారి సులువు చెయ్యమనీ, దూరం తగ్గించమనీ అడుగుతుంది. కానీ వాటికన్నా ముందు అడిగేది ఈ ప్రయాణంలో మంచితనాన్నీ దైవభీతినీ. తిరిగొచ్చేసరికి ఇల్లూ సొమ్మూ పాడుకాకుండా చూడమనడం ఆఖరి కోరిక.

చదవడం తేలికే, పాటించడమే కష్టం. అప్పట్లో గుంతకల్లులో మీటర్ గేజి బండి దిగి, బొంబాయి వైపు బ్రాడ్ గేజి బండి పట్టుకోవాల్సి వచ్చేది. బియ్యం, పప్పు, ఊరగాయలతో బరువెక్కిన ఈ పెట్టెను ఎవరు మోశారో దీనికి బాగా గుర్తు. దుఆ కంఠతా వచ్చిన ఆసామి తన మూట తాను చూసుకున్నాడు. అక్షరం ముక్క రాని ఆలూరు రైతు ఒక కడియం పట్టుకున్నాడు.

మొగల్ లైన్ వారి హజ్ ఓడ మీద ఆ ఆసామే పక్కనున్న ముసలాయన చోటులోకి చాప జరిపాడు. గొంతు మాత్రం ప్రార్థనలో అందరికంటే పెద్దది! రెండు రోజులకు సముద్రం పొంగి ముసలాయన పరుపు తడిసింది. అప్పుడు ఆసామి ఏమనుకున్నాడో ఏమో, లేచి, "పెద్దాయనా, ఇట్ల రా, ఈ పెట్టె మీద కూర్చో" అన్నాడు. ముసలాయన బరువు ఈ పెట్టెకు బరువనిపించలేదు.

ఖురాన్‌లో మాయిదా అధ్యాయం రెండో వాక్యం హజ్ మర్యాదల మధ్యే మంచిపనిలో ఒకరికొకరు తోడుపడమంటుంది, పాపంలో వద్దంటుంది. ఒకప్పుడు కాబా మసీదుకు రానివ్వకుండా అడ్డుకున్న వారి మీద కోపంతో సైతం హద్దు దాటవద్దంటుంది. చాప కోసం తగాదా ఎంతపాటిది!

1995లో హజ్ ఓడలు ఆగిపోయాయి. ఇప్పుడు ఇక్కడి యాత్రికులు విమానం ఎక్కుతారు. చక్రాల సూట్‌కేసులు, కిలోల లెక్క. ఇనుప పెట్టెను ఎవరు ముట్టుకుంటారు? మొదట మంచం కిందికి తోశారు. ఆ తర్వాత మేడమెట్ల కింద వానకు వదిలారు. అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది. ఒక కడియం ఊడిపోతే తాడు కట్టారు. చివరికి దుకాణానికి చేర్చి నీలం పేలికలు కుక్కారు. ఎలుకలు కాపురం పెట్టాయి. వాటికైనా పెట్టె విలువ తెలిసిందనుకుంటే, మైదా రుచికి దుఆ చివరి భాగం కొరికేశాయి. ఇల్లూ సొమ్మూ కాపాడమన్న భాగమే పోయింది.

మొన్న దుకాణదారు తల్లికి హజ్ ఖాయమైంది. పాత ఇనుము కొనేవాడు వచ్చి పెట్టెను కాలితో తట్టి చూశాడు. బేరం కుదరలేదు. మనవడు మూత ఎత్తి, నానమ్మకు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయిద్దామని కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. పోయిన ముక్కలో ఏముందో కనుక్కోవడానికి మసీదులో ఇమాం దగ్గరికి పరుగెత్తాడు. పెట్టెను అడిగితే ఇక్కడే చెప్పేది. గుంతకల్లు నుంచి జిద్దా రేవు దాకా విన్నది ఆ దుఆనే కదా.