రాంకోఠి గల్లీలో షాబాదు బండ

నేను షాబాదు బండను. బూడిదరంగు సున్నపురాయిని. గనిలో పొరల మధ్య ఉలి దించి, గునపంతో లేపితే పలకలుగా విడివడ్డ రాళ్లలో ఒకదాన్ని. వాడి జంక్షను మీదుగా రైల్లో హైదరాబాదు చేరాను. 1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తిన తర్వాత నగరం మళ్లీ ఇళ్లు కట్టుకుంటున్న కాలమది. రాంకోఠిలో ఒక డంగు సున్నం ఇంటి ముందు, గల్లీ వైపు అరుగు మీద నన్ను పరిచారు.

అరుగు ఇంటివాళ్లదే. కానీ దాని మీద ఎక్కువసేపు కూర్చున్నది బయటివాళ్లే. పొద్దున పాలు పోసే అతను క్యాను దించేవాడు. ఎండ నడినెత్తికొచ్చే వేళకు కూరగాయల అవ్వ గంప దించి, కొంగుతో మొహం తుడుచుకునేది. ఇంట్లోంచి చెంబుతో నీళ్లొచ్చేవి, ఎవరూ అడక్కుండానే. సాయంత్రం శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నుంచి కుర్రాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. 1901లో పుట్టిన ఆ గ్రంథాలయం మా పేటకు గర్వకారణం. 1926లో గోలకొండ పత్రిక మొదలయ్యాక ఒకడు పైకి చదివేవాడు, మిగతావాళ్లు వినేవాళ్లు. ఆ వినేవాళ్లలో చదువు రాని కూలీలూ ఉండేవారు. తెలుగులో వార్త వినడం వాళ్లకు ఎంత పెద్ద సంగతో మొహాలు చూస్తే తెలిసేది.

నా కుడి మూలన మేకుతో గీసిన అష్టాచెమ్మా గళ్లున్నాయి. ఎవరు గీశారో గుర్తులేదు. చింతగింజలు దొర్లీ దొర్లీ ఆ గీతల అంచులు నునుపెక్కాయి. వానొస్తే ముందు ఆ గళ్లలోనే నీళ్లు నిలుస్తాయి.

ఆ ఇల్లు తనంతట తాను కూలిపోలేదు. పంచుకోవడానికి వీల్లేకే పోయింది. తాత పోయాక వాటాదారులు పెరిగారు. ఇద్దరు అమెరికాలో ఉన్నారు. మిద్దె కారుతోంది, డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. "డెవలప్‌మెంటుకి ఇచ్చేద్దాం అన్నా, ఎవరి ఫ్లాటు వాళ్లకొస్తది" అని చిన్నవాడు నా మీద కూర్చునే ఫోనులో చెప్పాడు. వాళ్లను తప్పు పట్టలేను. నాలుగు గదుల ఇంటిని ఆరుగురు ఎలా పంచుకుంటారు?

కానీ లెక్క మార్చింది ఇంటివాళ్లు కాదు. స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పరిమితిని 2006 భవన నిర్మాణ నిబంధనలు తీసేశాయి. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు అన్నారు. అప్పట్నుంచి ఇంటికన్నా దాని కింది నేలకే విలువ ఎక్కువ. పాత కట్టడాలకు కాస్త అండగా ఉన్న రెగ్యులేషన్ 13ను 2015లో ఎత్తేశారు. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చకుండా హైకోర్టు ఆపింది, సంతోషం. అది నవాబు మహలు కాబట్టి దాని తరఫున కోర్టుకెళ్లేవాళ్లు ఉన్నారు. గల్లీలో అరుగు కోసం ఎవరెళ్తారు?

ఇంటివాళ్లకు ఫ్లాట్లొచ్చాయి. ముందు గదిలో తరాలుగా కిరాయికున్న దర్జీ కుటుంబానికి ఏం వచ్చింది? అగ్రిమెంటులో వాళ్ల పేరు లేదు. ఎంతో కొంత చేతిలో పెట్టి పంపారు. మిషను ఆటోలో ఎక్కించుకుని ఊరి చివరకు పోయారు. అతని గిరాకీ అంతా ఈ గల్లీలోనే ఉంది. ఈ సంగతే నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

కూల్చేటప్పుడు ముందు టేకు తలుపులు, దూలాలు పాత కలప వ్యాపారి పట్టుకెళ్లాడు. తర్వాత పొక్లెయిను వచ్చింది. సున్నం గోడలు అంత సులువుగా లొంగలేదు. చివర్న నన్ను గునపంతో లేపారు, గనిలో లేపినట్టే.

ఇప్పుడక్కడ కింద పార్కింగు, పైన అంతస్తు మీద అంతస్తు. గల్లీ వైపు ఎత్తు గోడ, ఇనుప గేటు, కార్లెక్కే ర్యాంపు. నన్ను గేటు పక్క మోరీ మీద మూతగా వేశారు. మొన్న ఒక అవ్వ నా మీద గంప దించింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఈడ కూసోకు, కార్లొస్తయ్. సారు నన్నంటడు."

"మరి యాడ కూసోవాలె బిడ్డా?"

వాచ్‌మన్ గల్లీ ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. అన్నీ గోడలే. "జర జల్దీ లెవ్వు" అని తనే గంప ఎత్తి ఆమె నెత్తిన పెట్టాడు.

కట్టేవాళ్లకు నాదొక్కటే మనవి. నాలుగు వైపులా ఎలాగూ జాగా వదులుతున్నారు. గోడను రెండడుగులు లోపలికి జరిపి, గల్లీ వైపు అరుగు కట్టండి. కొత్త రాయి కొననక్కర్లేదు. నాతో పాటు పీకిన బండలు ట్రాన్స్‌ఫార్మరు పక్కనే పడి ఉన్నాయి, ఒక్కటీ పగల్లేదు.