చక్రములపై వనవాసము

పదునాలుగేండ్లు నారచీరలు గట్టి, కందమూలములతో కాలము గడపిన రాఘవుడు తన వనవాసమును గూర్చి గొప్పలు చెప్పుకొన్నట్లు ఏ రామాయణమునందును కానము గాని, ముప్పదియడుగులకు మించిన మోటారు గృహమును అద్దెకు దెచ్చి, రైస్ కుక్కరు, ఆవకాయ జాడీ, వైఫై పెట్టె, అత్తగారు సహితముగా ఎల్లోస్టోను కొండలలో నాలుగైదు రాత్రులు మెత్తని పరుపులపై శయనించి వచ్చిన మన అమెరికా తెలుగు గృహస్థు మాత్రము, రాబోవు ఉగాది వేడుక వరకును కనబడినవారికెల్ల "పూర్తిగా అడవిలో బతికి వచ్చామండీ" అని చెప్పుటకు సంకోచింపడు.

ఈ ఆరణ్యక జీవనమును, మా మేనల్లుని ధర్మమా యని, ఒక దినము నేనును చవిచూచితిని. మాడిసన్ విడిదినుండి ఉదయమున కదలుట యనగా మోటారు గృహము గలవారికి సామాన్యకార్యము కాదు: రాత్రి సుఖశయనార్థము మీట నొక్కి వెలుపలికి జరపిన గోడను మరల లోనికి లాగవలెను, బండి ఒరుగకుండ దింపిన ఉక్కుకాళ్లను ఎత్తవలెను, అలమరల గడియలన్నియు వేయవలెను, లేకున్న మొదటి మలుపునందే కందిపప్పు డబ్బా ప్రయాణికుల శిరస్సులను వెదకికొనుచు వచ్చును. గాలనుకు పది మైళ్లైనను నడువని ఆ శకటము వెనుక కార్లన్నియు పెండ్లి ఊరేగింపువలె బారులు తీరినవి. ముందు ఒక బైసన్ బాట నడుమ నిలిచెను. దానికి 25 గజముల దూరమున నుండవలెనని ఉద్యానపు నియమము. మా బండి పొడవే పదకొండు గజములు గనుక, ముందు కూర్చున్నవారు నియమము నతిక్రమించుచుండగా వెనుక పరుపుపై నున్నవారు దానిని నిష్ఠతో పాటించుచుండిరి.

8,262 అడుగుల ఎత్తున, క్రేగ్ కనుమపై, ఐసా యను చిన్న సరస్సు కలదు. ఖండమును రెండుగా విభజించు గట్టుపై గూర్చున్న ఆ కొలను ఒకవైపు నీటిని పసిఫిక్ సముద్రమునకును, వేరొకవైపు నీటిని అట్లాంటికునకును పంపును. అందలి చమత్కారమేమనగా, తూర్పుకొన విడిచిన నీరు చుట్టుతిరిగి పడమటి సముద్రమును, పడమటికొన విడిచిన నీరు తూర్పు సముద్రమును చేరును. ఇట్టి వింతను మావాడు ఆగకయే దాటిపోయెను. ఏలయన అచ్చట కార్లకు చోటున్నది గాని ఇంటికి చోటు లేదు. "ఫోటో తీసుకోండి మామయ్యా, కిటికీలోంచి బాగానే వస్తుంది" అని మాత్రము ఉదారముగా అనుమతించెను.

సాయంకాలమునకు ఫిషింగ్ బ్రిడ్జి చేరితిమి. (చేపలు పట్టుట 1973లోనే నిషిద్ధమైనను వంతెన పేరు మారలేదు.) అచ్చట గ్రిజ్లీ ఎలుగుబంట్ల సంచారము మెండు గనుక గుడారములను రానీయరు; గట్టిగోడలు గల బండ్లకే ప్రవేశము. విద్యుత్తు, నీరు, మురుగుగొట్టము మూడును ప్రతి విడిదిచోటను సిద్ధముగా నున్నవి. పైన్ చెట్ల కొనలపై సంధ్యారాగము వెలుగుచుండగా మావాడు రబ్బరు చేతొడుగులు తొడిగి, బండి కడుపుక్రింద మోకాళ్లూని, పాయిఖానా తొట్టికి గొట్టము బిగించి, మొగము పక్కకు త్రిప్పుకొని మీట లాగెను. ఎల్లోస్టోను నేలను వాడు అంత సమీపమునుండి దర్శించినది ఆ యొక్క పర్యాయమే.

అడవి యేదో అమెరికా శాసనకర్తలకు తెలియకపోలేదు. 1964 నాటి వనరక్షణ చట్టము, తాను కాపాడు భూములలో రహదారిని, మోటారును నిషేధించినది, సైకిలునైనను రానీయదు. అట్టి భూములు ఈనాడు 11 కోట్ల ఎకరములకు పైబడి యున్నవి. ఎల్లోస్టోను ఉత్తరపు సరిహద్దు దాటిన అబ్సరోకా-బేర్‌టూత్ అరణ్యము వానిలో నొకటి. దానిని చూడగోరువాడు మూట వీపున గట్టుకొని నడువవలసినదే. అంతయేల, గ్లేసియర్ ఉద్యానములో గోయింగ్ టు ది సన్ రోడ్డుపై 21 అడుగులు మించిన బండిని కొండ నెక్కనీయరు. అడవిలో బ్రతుకుటకై మావాడు అద్దె చెల్లించి తెచ్చిన సాధనమే, అడవి గుమ్మమునొద్ద వానిని నిలిపివేయుచున్నది!

మోటారు గృహముపై నాకు ద్వేషము లేదు. మోకాళ్లు సహకరింపని పెద్దలకును, పసిబిడ్డల తల్లులకును అది మహోపకారమే. ఆ మాట చెప్పి యూరకున్న నెవ్వరికిని అభ్యంతరముండదు. మరునాడు భోజనవేళ, ఎలుగుబంట్ల నడుమ రాత్రి గడపిన వైనమును మావాడు ఫోనులో ఎవరికో వర్ణించుచుండగా, ప్రయాణమెట్లున్నదని వాని అత్తగారి నడిగితిని. ఆమె పెరుగన్నము కలుపుకొనుచు, "ఇల్లు సదుపాయంగానే ఉందన్నయ్యగారూ, వీధే బొత్తిగా ఎత్తుపల్లాలు" అనెను.