టులెట్ పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక: హైదరాబాదు ఫిల్మ్ నగర్ కొండ దిగి కృష్ణానగర్ గల్లీల్లో పడితే, గేట్లకూ కరెంటు స్తంభాలకూ వేలాడే అట్టముక్కల వాఙ్మయం ఇది. కర్త ఓనరు. ఇన్నాళ్లూ వచనంగా చెలామణి అయిన దీన్ని ఆటవెలదిలోకి మళ్లించి వ్యాఖ్యానిస్తున్నాం.

మూలం:

అద్దెకిల్లు గలదు, అడ్వాన్సు మూన్నెల్లు
బ్యాచిలరుకు లేదు, భార్య వలయు
సినిమవారలైన చెల్లదు బేరంబు
నీటి బిల్లు వేరు, నెలకు ముందె

టీక: అద్దెకిల్లు = మూడో అంతస్తు పైన రేకులు కప్పిన ఒక గది; గలదు = ఫోన్ చేసేదాకా ఉంటుంది; అడ్వాన్సు మూన్నెల్లు = ఖాళీ చేసేనాటికి సున్నాలకూ రంగులకూ పోయే సొమ్ము; భార్య వలయు = ఫోటోలో కాదు, పక్కన నిలబడి కనిపించవలెను; సినిమవారలైన = లైట్‌మన్, జూనియర్ ఆర్టిస్టు, అసిస్టెంట్ డైరెక్టరు అయినచో (హీరోలకు ఈ పదం వర్తించదు); చెల్లదు బేరంబు = "ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామండీ" అనుట; నెలకు ముందె = నెల పుట్టకముందే చేతిలో పెట్టవలెను.

తాత్పర్యం: ఇల్లు లేదని పిల్లనివ్వరు, పిల్ల లేదని ఇల్లివ్వరు. తర్కశాస్త్రంలో దీన్నే అన్యోన్యాశ్రయ దోషం అంటారు.

పూర్వపక్షం: అగ్గువగా దొరికే చోటికి, ఊరవతలకు పోరాదా?

సమాధానం: పోరాదు. షూటింగ్ బండి తెల్లవారకముందే ఇక్కణ్ణుంచి కదులుతుంది. అది తప్పిందా, ఆ రోజు వేషమూ పోయె, బేటా (దినభత్యం) పోయె, టిఫినూ పోయె. ఈ గల్లీలే ఎందుకంటే, మద్రాసు నుంచి వచ్చిన సినీ పరిశ్రమ కొండెక్కింది. 1976లో అన్నపూర్ణ, తరవాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. లైట్లు మోసేవాళ్లు కొండ కింద కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడలో సర్దుకున్నారు. పూరీ జగన్నాథ్ 'నేనింతే' (2008) ఈ గల్లీల బతుకు మీద తీసిందే.

ఓనరు పక్షం: మూడో పాదంలో కోపం లేదు, భయం ఉంది. సినిమా డబ్బు నెలనెలా రాదు. షూటింగ్ ఆగితే పేమెంటు ఆగుతుంది. ఓనరు కట్టాల్సిన బ్యాంకు కిస్తీ మాత్రం ఆగదు.

శాస్త్ర ప్రమాణం: కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం, నివాసానికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోరాదంటుంది. పేరులోనే నమూనా ఉంది కనుక, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అట్టముక్క మీది 'మూన్నెల్లు' చెదరదు.

విశేషం: సినీ కార్మికుల కోసం మణికొండ దగ్గర సుమారు 67 ఎకరాల్లో చిత్రపురి కాలనీ వచ్చింది. నటుడు ఎం. ప్రభాకర్ రెడ్డి పేరు దానికి పెట్టారు. అక్కడ ఫ్లాటు దక్కినవాడు ఓనరయ్యాడు. దక్కనివాడికి ఇప్పటికీ ఈ పద్యమే గతి.

ఫలశ్రుతి: దీన్ని రోజూ పఠించినా ఇల్లు దొరకదు. కనుక నిర్మాతలకు విన్నపం: చేసిన పనికి డబ్బు ఎప్పటికప్పుడు బ్యాంకులో వేయండి, ఫలానావాడు మా దగ్గర పనిచేస్తున్నాడని ఒక కాగితం ఇవ్వండి. ఆ రెండూ చూపిస్తే ఓనరు భయం సగం తీరుతుంది, మూడో పాదం కొట్టేయవచ్చు. రెండో పాదం సంగతి పెళ్లిళ్ల పేరయ్య చూసుకుంటాడు.