మూడక్షరాల టూరిజం

పర్యాటకానికి పరిశ్రమ హోదా దక్కింది గనుక, ఇజాలన్నీ అంతరించి టూరిజం ఒక్కటే మిగిలిందన్న పాత సిద్ధాంతానికి 2024-29 పర్యాటక విధానం పేరుతో మళ్లీ వెల్ల వేయడం కూడా పూర్తయింది గనుక, ఇక రాయలసీమ యువతకు మిగిలిన కర్తవ్యం మెడకు టై బిగించుకుని శిక్షణకు హాజరు కావడమేనని అన్ని వైపుల నుంచీ ఒకే మాట వినిపిస్తున్నది. ఒకప్పుడు టైపు, షార్ట్‌హ్యాండు, ఆ తరువాత పీజీడీసీఏ, ఆపైన స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు మోసిన మేడమెట్లే ఇప్పుడు ‘ట్రావెల్ అండ్ టూరిజంలో కెరీర్’ బోర్డును మోస్తున్నాయి. ఆ బోర్డు మీద ఒక విమానం, ఒక ఈఫిల్ టవర్, మెడకు రుమాలు చుట్టుకుని నవ్వుతున్న ఒక యువతి, కింద ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్న హామీ తప్పనిసరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ ఒకే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నా, ఆ దారికి అందుబాటులో 1,265 మీటర్ల ఎత్తున హార్స్లీ హిల్స్ అనే వేసవి విడిది ఉన్నా, ఆ కొండకు మాత్రం బోర్డు మీద చోటు దొరకదు. అక్కడికి విమానం పోదు మరి.

ఈ విద్యలో మొదటి మెట్టు కోడ్‌లు. అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే శిక్షకుల నోట ‘అయాటా’, ప్రపంచంలోని విమానాశ్రయాలకు మూడేసి ఇంగ్లీషు అక్షరాల గుర్తులు కేటాయించింది. టికెట్ మీదా, సామానుకు తగిలించే చీటీ మీదా ఊరి పేరుకు బదులు ఆ గుర్తే ఉంటుంది. తిరుపతి టీఐఆర్, బెంగళూరు బీఎల్‌ఆర్, మద్రాసు పేరు మారి ఇన్నేళ్లయినా చెన్నై ఎంఏఏ. షికాగోలోని పెద్ద విమానాశ్రయం ఉన్న చోటును పూర్వం ఆర్చర్డ్ ఫీల్డ్ అనేవారు కాబట్టి దాని గుర్తు ఓఆర్‌డీ. కెనడా విమానాశ్రయాల గుర్తులు సాధారణంగా వై అక్షరంతో మొదలవుతాయి కాబట్టి టొరంటోది వైవైజడ్. టికెట్ గుమాస్తాకు ఇవి అక్కరకొచ్చే సంగతులే, కాదనడానికి వీల్లేదు. అయితే పన్నెండో ఎక్కం తడబడకుండా అప్పజెప్పలేని పిల్లవాడి చేత జ్యూరిచ్ మొదలుకొని కొలంబో దాకా గుర్తులన్నీ వల్లె వేయించి, అర్ధరాత్రి తట్టి లేపినా కౌలాలంపూర్ అంటే కేయూఎల్ అని చెప్పగలిగే స్థితికి తెచ్చి, దానికి ‘ఇండస్ట్రీ రెడీ’ అని పేరు పెట్టి పట్టా చేతికివ్వడం ఏ వృత్తికి శిక్షణో విజ్ఞులు తేల్చవలసి ఉన్నది.

గుర్తులు నోటికి వచ్చాక వాటిని పలికే పద్ధతి నేర్పుతారు. టెలిఫోనులో బీ, డీ, పీ, వీ ఒకేలా వినబడతాయి కాబట్టి విమానయాన రంగంలో బీ అంటే బ్రావో, డీ అంటే డెల్టా, వీ అంటే విక్టర్ అని విడమరచి చెప్పడం ఆచారం. ఆ లెక్కన హార్స్లీ హిల్స్ ఉన్న బి.కొత్తకోట మండలాన్ని శిక్షణ పొందిన అభ్యర్థి బ్రావో కొత్తకోట అనాలి, వి.కోట విక్టర్ కోట కావాలి. కుప్పంలో బయలుదేరిన ప్రయాణికుడు శాంతిపురం, విక్టర్ కోట, పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరి, అక్కడ ఆర్టీసీ బస్సు ఎక్కి బ్రావో కొత్తకోట మండలంలోని కొండ మీదికి పోవచ్చునని చెప్పగలవారు మాత్రం ఆ తరగతిలో తయారు కారు. ఆ బస్సు ఎన్ని గంటలకు బయలుదేరుతుంది, ఆఖరి బస్సు తప్పితే గతి ఏమిటి, మదనపల్లె రోడ్డు అనే రైల్వే స్టేషన్‌లో దిగినవాడు మదనపల్లె చేరడానికి ఇంకా ఎంత దూరం పోవాలి అన్నవి పరీక్షలో రాని ప్రశ్నలు. ఆర్టీసీ బస్టాండ్లకు అయాటా గుర్తులు ఇవ్వలేదు. గుర్తు లేని ఊరు ప్రపంచంలో లేనట్లే లెక్క.

మూడో మెట్టు జీడీఎస్. విమానాలలో ఖాళీ సీట్లను, హోటళ్లలో ఖాళీ గదులను ఏజెంట్లకు ఒకే తెర మీద చూపించి అమ్మిపెట్టే కంప్యూటర్ వ్యవస్థకు ఆ పేరు. అమేడియస్, సేబర్, గెలీలియో అందులో ప్రసిద్ధమైనవి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ 1960 దశకంలో ఐబీఎంతో కలిసి సేబర్‌ను నెలకొల్పిన తరువాత కొన్ని దశాబ్దాల పాటు విమానం టికెట్ కావాలంటే ఏజెంటు గడప తొక్కక తప్పేది కాదు. ఇప్పుడు ప్రయాణికుడు అరుగు మీద కూర్చుని ఫోనులోనే టికెట్ కొంటున్నాడు. రైలు టికెట్లు 2002 నుంచి ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. విమాన సంస్థలు ఏజెంట్ల కమీషన్‌ను కోసుకుంటూ వచ్చి దాదాపు ఎత్తేశాయి. కంపెనీ ఉద్యోగుల ప్రయాణాలు చూసే పెద్ద ఏజెన్సీలకు జీడీఎస్ తెలిసినవారు నేటికీ కావాలి గాని, ఆ ఏజెన్సీలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటాయి తప్ప పుంగనూరు బస్టాండు ఎదుట ఉండవు. ఎవరూ వచ్చి నిలబడని కౌంటరు వెనుక ఎలా కూర్చోవాలో ఫీజు పుచ్చుకుని నేర్పడం సాహసమే.

ఈ మూడు మెట్లూ ఎక్కినవారికి ప్రాజెక్టు ఇస్తారు. ఐటినరరీ, అంటే ఏ రోజు ఎక్కడ దిగి ఏమి చూసి ఎక్కడ తిని ఎక్కడ పడుకోవాలో చెప్పే ప్రయాణ క్రమపత్రం, తయారు చేయాలి. అది తప్పకుండా ఐరోపాకే. పాస్‌పోర్టు లేని విద్యార్థి ముంబయి నూతన దంపతులు ఆల్ప్స్ మంచు మీద ఎన్ని గంటలు గడపాలో నిర్ణయిస్తాడు, మంచు సంగతి ఫ్రిజ్ పైఅర ద్వారా మాత్రమే ఎరిగిన శిక్షకుడు దానికి మార్కులు వేస్తాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఈ సందర్భం కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

పాఠ్యాంశాలలో చరిత్రకు కూడా ఒక అధ్యాయం ఉంటుంది, అది థామస్ కుక్‌తో మొదలవుతుంది. 1841 జులైలో ఆయన ఇంగ్లండులోని లెస్టర్ నుంచి లఫ్‌బరోకు సుమారు అయిదు వందల మందిని మనిషికి ఒక షిల్లింగు చొప్పున రైల్లో తీసుకుపోయి తీసుకువచ్చినందువల్ల ఆధునిక పర్యాటక వ్యాపారానికి మూలపురుషుడయ్యాడు. ఆయన పేరు మీద వెలిసిన బ్రిటన్ కంపెనీ 2019 సెప్టెంబరులో దివాలా తీసి, లక్షల మందిని ఎక్కడివాళ్లను అక్కడే వదిలేసిన సంగతి ఆ అధ్యాయం చివర ఉండదు. ఆ కుక్ కన్నా ముందే, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, దాదాపు నూరు మంది పరివారాన్ని వెంటబెట్టుకుని తిరుపతి, కడప, హైదరాబాదుల మీదుగా కాశీ చేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. మజిలీ మజిలీకీ దూరమెంత, నీళ్లు మంచివా కావా, సరుకులు దొరుకుతాయా, దిగడానికి వసతి ఉందా, దారిలో వాగులెన్ని అన్నది ఆయన రాసిపెట్టగా 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. రైలు లేదు, టెలిఫోను లేదు, డేరాలూ పల్లకీలూ బోయీలే సాధనం. ప్రయాణాన్ని నిర్వహించడమంటే ఏమిటో తెలుగువాడికి తెలుగులో చూపించే గ్రంథం అంతకు మించినది ఏముంటుంది? అయినా ఈ మేడమెట్ల పాఠశాలల్లో ఆయన పేరు చెబితే ఏ బ్యాచ్ అని అడిగే ప్రమాదం ఉన్నది.

తక్కిన అంగాలను గురించి పెద్దగా చెప్పనక్కర లేదు. నమస్కారం ఎలా పెట్టాలో, చేతులు ఛాతీకి ఎంత దూరంలో ఉండాలో మదనపల్లె పిల్లలకు నేర్పడానికి ఒక పీరియడు కేటాయిస్తారు. ఫోర్కు ఎడమ చేతిలో ఉండాలన్నది మరొక పీరియడు.

ఇందులో పరిహాసానికి లొంగనిది ఒకటి ఉన్నది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే మూల. అక్కడ పెరిగిన పిల్ల ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, అవతలి ఊరి చుట్టాలతో కన్నడం ఎవరూ నేర్పకుండానే మాట్లాడుతుంది. హార్స్లీ హిల్స్‌కు శని, ఆదివారాలలో ఎక్కివచ్చే కార్లలో కర్ణాటక నంబర్లు కొల్లలు, తమిళనాడు నంబర్లూ తక్కువేమీ కాదు. అంటే ఆ కొండకు వచ్చే అతిథితో అతని భాషలోనే మాట్లాడగల మనిషి ఫీజు కట్టకముందే సిద్ధంగా ఉన్నది. ఆ పిల్లను కూర్చోబెట్టి, ఇంగ్లీషు తడబడినందుకు ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ గడిలో తక్కువ మార్కులు వేసి, నీకు మాట్లాడడం రాదని కాగితం మీద రాసి సంతకం పెట్టడం శిక్షణ కాదు, దౌర్జన్యం. మూడు భాషలు వచ్చిన మనిషిని మూగదానిగా నమ్మించి, ఆ మూగతనాన్ని పోగొట్టడానికి మళ్లీ ఆమె దగ్గరే డబ్బు వసూలు చేయడం సిగ్గుమాలిన పని.

ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో కూడా చెప్పుకోవాలి. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటని పేరున్న మదనపల్లెలో టమోటా 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటింది. ధర పడిపోయిన ఏడు అదే టమోటాను కోత కూలి కూడా రాదని చేలోనే వదిలేస్తారు, లేదా తెచ్చి రోడ్డు పక్కన పారబోస్తారు. అటువంటి పంటను నమ్ముకున్న ఇంట్లోంచి ఫీజు, యూనిఫారం, బ్లేజరు, పరీక్ష రుసుము విడివిడిగా లాగుతారు. ఆ తరువాత ‘ఇండస్ట్రియల్ ట్రైనింగ్’ పేరుతో, అంటే పని నేర్చుకునే నెపంతో పూర్తి స్థాయి కూలీగా, నెలల తరబడి పరాయి ఊరి హోటల్లో ఉంచుతారు. చాలా చోట్ల భత్యం పేరుకే. అక్కడ చేసే పని పక్క వేయడం. దుప్పటి అంచును పరుపు కిందికి దోపి, మూలను నలభై అయిదు డిగ్రీల కోణంలో మడిచి, వేలాడే కొసను మళ్లీ లోపలికి నెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసి, నిమిషాలలో తరువాతి గదికి పరుగెత్తడం తేలిక కాదు, అది నిజమైన పనితనం. పని తక్కువది కాదు. దానికి తగిన జీతమివ్వకుండా, బోర్డు మీద మాత్రం దాన్ని మేనేజర్ కొలువుగా చూపడమే మోసం. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో మొదలుపెట్టిన ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ అనే ఉచిత స్వల్పకాలిక శిక్షణ వంట, వడ్డన నేర్పుతానని ఉన్న మాట ఉన్నట్టు చెప్పి మొదలైంది. ప్రభుత్వ పథకాలలో ఇంతటి నిజాయితీ అరుదు కనుక ఆ పేరును ఎక్కువమంది గుర్తుంచుకోలేదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను హార్స్లీ హిల్స్ అక్షరాలా రుజువు చేస్తుంది. కొండ మీద కల్యాణి అని పిలిచే మహా యూకలిప్టస్ వృక్షం ఒకటి ఉన్నది. దాని పేరు 1995లో మహావృక్ష పురస్కారానికి వెళ్లింది. దాన్ని 1859లో నాటారని చెబుతారు. కొండకు తన పేరు అంటించిపోయిన కడప కలెక్టర్ డబ్ల్యూ.డి.హార్స్లీ అక్కడ ఇల్లు కట్టించుకున్నది 1870లో అని అదే నోటితో చెబుతారు. మరి దొర ఇంటి పునాదికి పదకొండేళ్ల ముందు ఆ ఆస్ట్రేలియా మొక్కను కొండెక్కించింది ఎవరు, లేక ఆ రెండు తేదీలలో ఏదో ఒకటి తప్పా? గైడు అనే వృత్తి మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గర. పాత గెజిటీర్లు తిరగేసి, అటవీ శాఖ రికార్డులు అడిగి, జవాబు వెదికి వచ్చిన అతిథికి చెప్పగలిగితే అది శిక్షణ. దొర రాకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు ఒక పసిపాపను సాకాయన్న కథను పూర్తిగా, అడవి బిడ్డల నోట విన్నట్టుగా చెప్పగలవాణ్ణి తయారు చేస్తే అది మరింత శిక్షణ. కొండ మీది గాలిబండ అనే రాతి మీద నిలబడినప్పుడు గాలి అంత ఉధృతంగా ఎందుకు వీస్తుందో చెప్పడానికి భూగోళ శాస్త్రం ఒక గంట చాలు.

కొండ దిగితే సరుకు ఇంకా పెద్దది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె బీటీ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడు, అక్కడే మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపి సిద్ధం చేసింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఈ ఊళ్లోనే, ఆయన స్ఫూర్తితో నడిచే రిషి వ్యాలీ బడి ఉన్నది కొండకు దిగువనే. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1948లో దేశంలో బీసీజీ టీకా ప్రయోగాత్మకంగా మొదలైన చోట్లలో ఒకటి. మీటరు ఎత్తుకు లోపే ఆగిపోయే పుంగనూరు ఆవును చూడడానికి మనుషులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వీటిని ఒక రోజు ప్రయాణంగా కూర్చి, భోజనం ఎక్కడో, కాలకృత్యాలకు చోటెక్కడో కూడా రాసిన ఒక్క ఐటినరరీని ఏ విద్యార్థి చేతనైనా చేయించారా అంటే, ఐరోపా పదకొండు రోజుల ప్రాజెక్టు ఇంకా పూర్తి కాలేదని జవాబు.

ప్రస్తుతానికి కొండ మీద దారి చెప్పేది, ఏ వేళకు మంచు దిగుతుందో, కోతుల బెడద ఎక్కడెక్కువో హెచ్చరించేది, కల్యాణి దగ్గర నిలబడిన మైసూరు కుటుంబానికి కన్నడంలో మల్లమ్మ కథ వినిపించేది టీ బంకుల వాళ్లూ జీపు డ్రైవర్లూ. వాళ్లలో ఎవరైనా ముచ్చటపడి టూరిజం శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంటే, పదో తరగతి తప్పినందున, ‘కనీస విద్యార్హత ఇంటర్మీడియట్’ అన్న గడి దగ్గరే ఆ కాగితం వెనక్కి వస్తుంది.